రాబోవు హాస్య నాటకములు: చూడబోవు వారికి కొన్ని మాటలు

మన బళ్లారిలోని ఔత్సాహిక నాటక సమాజము వారు ఈ సంవత్సరము దసరా సెలవుల తరువాత మొదలుపెట్టి సంక్రాంతి లోపల నాలుగు సాయంకాలములు నాటకములు ప్రదర్శింప నిశ్చయించిరి. నాలుగును హాస్య నాటకములే. మన పాఠశాల పై తరగతుల విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఆహ్వానించిరి. నాలుగవ సాయంకాలము వేదికపై మన విద్యార్థులకు కూడ చోటు కల్పించిరి. ఈ వార్త తెలిసినది మొదలు మా యొద్దకు వచ్చిన ప్రశ్నలు రెండు. చదువుకొను కాలములో ఈ నవ్వులాటలేల యని కొందరు తండ్రులు అడిగిరి. నూరు సంవత్సరములు దాటిన నాటకములు మాకేమి అర్థమగునని కొందరు విద్యార్థులు అడిగిరి. మొదటి ప్రశ్నకు ఈ వ్యాసము పూర్తియగునప్పటికి సమాధానము దొరకునని తలంచుచున్నాము. రెండవ ప్రశ్నయే అసలైనది. దాని కొరకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన పట్టణమునకు నాటకము క్రొత్త కాదు. తెలుగు నాటక చరిత్రలో బళ్లారి పేరు లేని అధ్యాయము వ్రాయుట కష్టము. ఇచ్చట న్యాయవాదిగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు గారు 1880 దశకములో చిత్రనళీయము మొదలగు నాటకములు వ్రాసి, సరస వినోదినీ సభ ద్వారా ఆడించి, ఆంధ్ర నాటక పితామహుడని పేరు గాంచిరి. ఆ సభ వారు 1891లో చెన్నపట్టణము వెళ్లి ఆడిన నాటకములు చూచియే పమ్మల్ సంబంధ మొదలియారు గారు అదే సంవత్సరము అచ్చట సుగుణ విలాస సభను స్థాపించిరి. తమిళ దేశపు ఔత్సాహిక నాటకమునకు ప్రేరణ మన వీథులలో నుండి వెళ్లినదన్న మాట. చారిత్రక నాటకములకు పేరొందిన కోలాచలము శ్రీనివాసరావు గారును ఇచ్చటి న్యాయవాదులే. ధర్మవరము వారి మేనల్లుడు, 1880 మొదలు 1946 వరకు జీవించిన బళ్లారి రాఘవ గారును న్యాయవాదియే. పగలు కోర్టులోను రాత్రి రంగస్థలము మీదను వాదించు అలవాటు ఈ ఊరి వకీళ్లకు ఎట్లు అబ్బినదో తెలియదు గాని, దాని ఫలితమును మనము నేటికిని అనుభవించుచున్నాము. రాఘవ గారి పేర కళామందిరము మన పట్టణములోనే యున్నది.

అయితే ఒక సంగతి గమనింపదగినది. బళ్లారి రంగస్థలమునకు కీర్తి తెచ్చినవి ప్రధానముగా గంభీరమైన నాటకములు. తెలుగున విషాదాంత నాటకమును నిలిపినది ధర్మవరము వారి సారంగధర. విజయనగర సామ్రాజ్య పతనమును కన్నీటితో చూపినది కోలాచలము వారి రామరాజు నాటకము. దీర్ఘమైన రాగాలాపనలను తగ్గించి, మాటకును ముఖభావమునకును ప్రాధాన్యమిచ్చిన రాఘవ గారిని ప్రేక్షకులు స్మరించునది కూడ ఎక్కువగా గంభీర పాత్రలలోనే. కావున హాస్యమునకే ఒక సంవత్సరమును కేటాయించుట ఈ ఊరి సంప్రదాయములో కొంచెము విశేషమే.

సమాజము వారు ఇట్లేల నిశ్చయించిరి? వారితో మాటలాడినప్పుడు మాకు తెలిసినది ఇది. కొన్ని సంవత్సరములుగా వారొక వింతను చూచుచున్నారట. పౌరాణిక నాటకము ఆడునప్పుడు ముందు వరుసలలోని పెద్దలును, వెనుక బల్లలపైనున్న పిల్లలును ఒక్కసారే నిశ్శబ్దమగుదురు. హరిశ్చంద్రుడు కాటిలో నిలిచినప్పుడు పద్యము అర్థము కాని బాలునికి కూడ గొంతు పట్టుకొనును. కాని అదే నాటకములో నక్షత్రకుడు నోరు విప్పగానే ముందు వరుసలు ఘొల్లుమనును. వెనుక బల్లలు ఒకరి ముఖమొకరు చూచుకొనును. ప్రక్కనున్న తాతయో అమ్మమ్మయో వివరించిన పిదప పిల్లలు నవ్వుదురు. అప్పటికి వేదికపై మాట ముందుకు సాగిపోయి యుండును. ఒక పెద్ద నటుడు దీనికి ‘తర్జుమా నవ్వు’ అని పేరు పెట్టెను. పేరు మాకు నచ్చినది, విషయము నచ్చలేదు.

దుఃఖమునకు భాష సగము తెలిసినను చాలును. తల్లి బిడ్డను పోగొట్టుకొన్నదని గ్రహించుటకు నిఘంటువు అక్కరలేదు. హాస్యమట్లు కాదు. ఏ మాట ఎవరి నోట రావలెనో, ఏ మాట రాకూడదో, మర్యాద ఎచ్చట ముగిసి వెటకారము ఎచ్చట మొదలగునో తెలిసినవాడే సకాలములో నవ్వగలడు. ‘అయ్యా, తమరు మహానుభావులు’ అను వాక్యమును పొగడ్తగా చెప్పవచ్చును, తిట్టుగా చెప్పవచ్చును. అక్షరములలో భేదమేమియు లేదు. ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడము, పుస్తకములో గ్రాంథికము, ఉద్యోగమునకు ఇంగ్లీషు అను నాలుగు పాయలలో పెరుగు మన పిల్లలకు తెలుగు అక్షరములు వచ్చును, వ్యాకరణము వచ్చును, పరీక్షలో మార్కులు కూడ వచ్చును. ఆ వెటకారము అందుచున్నదా లేదా యని ఏ ప్రశ్నపత్రమును అడుగదు. నాటకశాలలో మాత్రము అది ఒక్క క్షణములో తేలిపోవును. తండ్రులు అడిగిన ప్రశ్నకు మేము చెప్పదలచిన సమాధానము ఇంతకంటె ఎక్కువ లేదు.

నాటకముల సంగతికి వచ్చుటకు ముందు, హాస్యమును మన పూర్వులు తేలికగా చూడలేదని చెప్పవలెను. భరతుని నాట్యశాస్త్రములో నవ్వు ఆరు విధములు: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. పండ్లు కనబడకుండ చెక్కిళ్లు మాత్రము వికసించునది స్మితము. ప్రక్కలు పట్టుకొని, కన్నుల నీరు కారగా పగలబడునది అతిహసితము. మొదటి రెండు ఉత్తములకు, చివరి రెండు అధములకు అని శాస్త్రము చెప్పినది గాని, మంచి ప్రహసనము చూచునప్పుడు ఉత్తములెవరో అధములెవరో గుర్తించుట కష్టమని మా అభిప్రాయము. దశరూపకములలో ప్రహసనము ఒకటి. ఏడవ శతాబ్దములో కంచిని ఏలిన పల్లవ మహేంద్రవర్మ మత్తవిలాసమను ప్రహసనము వ్రాసెను. రాజు తన నగరములోని దొంగ సన్యాసులను చూచి నవ్వుటయే కాక, ఆ నవ్వును గ్రంథస్థము కూడ చేసెనన్న మాట.

మొదటి సాయంకాలము కందుకూరి వీరేశలింగము పంతులు గారి వ్యవహార ధర్మబోధిని. ఇది 1880 నాటిది. జనులు దీనిని ప్లీడరు నాటకమని పిలిచిరి. అబద్ధపు సాక్ష్యములు నేర్పుట, కక్షిదారును ఆశ పెట్టి త్రిప్పుట, రుసుము రాబట్టుకొనుట మొదలైన కోర్టు విద్యలన్నియు ఇందులో కనబడును. పండితులైన పంతులు గారు దీనిని వాడుక మాటలలో వ్రాసిరి. ఏలయన కోర్టు ఆవరణలో ఎవరును గ్రాంథికములో బొంకరు. ఆ సంవత్సరమే ఆయన షేక్స్పియరు వ్రాసిన కవలపిల్లల హాస్యనాటకమును చమత్కార రత్నావళి యను పేర తెలుగు చేసి, రాజమహేంద్రవరములో తన విద్యార్థుల చేత ఆడించిరి. ధార్వాడ నుండి వచ్చిన నాటక సమాజము వారు ఆ కాలముననే తీరాంధ్రములో హిందీ నాటకములు ఆడుచుండుట ఈ ఉత్సాహమునకొక కారణము. కర్ణాటకము నుండి వెళ్లిన ప్రేరణ, తెలుగు బడిపిల్లల వేషములు, హాస్యమే వస్తువు: ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన ఆరంభమైన తీరు ఇది. పంతులు గారి జన్మదినమైన ఏప్రిల్ 16 నేడు తెలుగు నాటకరంగ దినోత్సవము. రాఘవ గారు 1946లో కన్నుమూసినది కూడ ఆ తేదీననే.

నాటకము చేసిన వారందరును వకీళ్లే యైన ఊరిలో ప్లీడరు నాటకముతో ప్రారంభించుట సమాజము వారి కొంటెతనము. మేము దానిని మెచ్చుకొనుచున్నాము.

రెండవ సాయంకాలము గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కము. దీనిని గురించి కొంత వివరముగా వ్రాయవలసి యున్నది. ఏలయన, మన విద్యార్థులలో చాలమంది దీనిని 1955లో వచ్చిన చలనచిత్రము ద్వారానో, పాఠ్యపుస్తకములోని చిన్న భాగము ద్వారానో మాత్రమే ఎరుగుదురు. నాటకము 1892లో విజయనగరములో మొదట ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను, 1909లో గ్రంథకర్త దానిని చాల పెంచి, మార్చి, తిరిగి ప్రకటించిరి. మనము నేడు చదువుచున్నది ఈ రెండవ కూర్పు. అందు ఏడు అంకములు. ఉన్నదున్నట్లు ఆడినచో తెల్లవారినను పూర్తికాదు. విజయనగరమునకు చెందిన జె.వి.సోమయాజులు, జె.వి.రమణమూర్తి సోదరులు దీనిని సంగ్రహించి అనేక పర్యాయములు ప్రదర్శించి, కుదించినను నాటకము చెడదని నిరూపించిరి. మన సమాజము వారును కొన్ని రంగములనే ఏరుకొనిరి.

కథ వెనుక నున్న సంగతి నవ్వు పుట్టించునది కాదు. డబ్బు తీసికొని చిన్న పిల్లలను ముసలివారికి పెండ్లి చేయు ఆచారము అప్పటి విశాఖపట్టణము జిల్లా బ్రాహ్మణ కుటుంబములలో నుండెను. విజయనగర మహారాజు అట్టి వివాహముల జాబితా తయారు చేయించిరి. మూడు సంవత్సరములలో లెక్కకు వచ్చినవి 1034. ఆ వధువులలో 99 మంది అయిదేండ్ల పిల్లలు. ముగ్గురు ఏడాది పసికందులు. ఈ అంకెలను గురజాడ వారు తొలి కూర్పు పీఠికలో పొందుపరచిరి. ఈ వస్తువుపై ఎవరైనను విషాద నాటకము వ్రాయుదురు. గురజాడ వారు నవ్వించిరి. ఏడ్పించినచో ప్రేక్షకుడు జాలిపడి, కన్నులు తుడుచుకొని, ఇంటికి వెళ్లి అదే పని చేయవచ్చును. నలుగురి నడుమ నవ్వులపాలైన పనిని మరునాడు ధైర్యముగా చేయుట అంత సులభము కాదు.

లుబ్ధావధానులు ముసలివాడు, పిసినారి. అగ్నిహోత్రావధానులు తన చిన్న కూతురు సుబ్బిని అతనికి అమ్మజూచును. పిల్ల మేనమామ కరటకశాస్త్రి ఈ పెండ్లి తప్పించుటకు ఒక ఉపాయము పన్ని, తన శిష్యునకు ఆడవేషము వేసి, తక్కువ వెలకు ఆ ముసలివానికి కట్టబెట్టును. పెండ్లికూతురు మగపిల్లవాడని ప్రేక్షకులకు తెలియును, పెండ్లికొడుకునకు తెలియదు. ఈ తెలియుట, తెలియకపోవుటల మధ్యనే నవ్వంతయు పుట్టును. ఒక చమత్కారమును ఇచ్చట గమనింపుడు. పూర్వము స్త్రీ పాత్రలన్నియు పురుషులే ధరించెడివారు. స్థానము నరసింహారావు గారి వంటివారు దానినొక మహావిద్యగా సాధించిరి. అప్పుడు మధురవాణియు మగవాడే, దొంగ పెండ్లికూతురును మగవాడే! ఇద్దరిలో ఒకరిని ఆడుదానిగను, మరొకరిని ఆడువేషములోని పిల్లవానిగను ప్రేక్షకుడు నమ్మవలసి యుండెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టిన వారిలో మన రాఘవ గారు ముఖ్యులు. నేడు మధురవాణిగా స్త్రీయే నటించుటచేత ఆ ప్రక్కన నిలిచిన శిష్యుని మీసకట్టు మరింత స్పష్టముగా కనబడి నవ్వు హెచ్చును. సంస్కరణము హాస్యమునకు కూడ మేలు చేసిన సందర్భమిది.

మన విద్యార్థులు ముఖ్యముగా చూడవలసినది వెంకటేశము చదువు. పరీక్ష తప్పిన ఆ బాలుని వెంట గిరీశము గురువుగా అగ్రహారము చేరును. కొడుకు ఇంగ్లీషు మాటలాడుట వినవలెనని తల్లికి ముచ్చట. గురుశిష్యులిద్దరును వాచకములోని సంబంధము లేని వాక్యములను సంభాషణవలె ఒకరికొకరు అప్పగింతురు. ఆమె పరమానందము చెందును. ఈ రంగములో నవ్వవలసినది ఎవరిని చూచి? తల్లిని చూచి నవ్వినచో మనము పొరబడినట్లే. ఆమెకు తెలియనిది ఇంగ్లీషు మాత్రమే. తెలిసినట్లు నటించు ఆ ఇద్దరే నవ్వదగినవారు. ఒక భాషలో పాఠము, మరియొక భాషలో ఆట, ఇంకొక భాషలో ఉద్యోగపు ఆశ గల మన ఊరిలో ఈ రంగము నిన్న వ్రాసినట్లుండును. తల్లిదండ్రులు ప్రక్కన కూర్చుండియుండగా పిల్లలు దీనిని చూచుట మాకు ప్రత్యేకముగా ఇష్టము.

భాష విషయములో కొంత చిక్కు కలదు. ఈ నాటకములోని తెలుగు విజయనగర ప్రాంతపుది. మన తెలుగు అనంతపురము, కర్నూలు వైపుది. దానిలో కన్నడము పాలలో నీరువలె కలసియుండును. ఆ ప్రాంతములో ‘గుంట’ అనగా ఆడపిల్ల. మనకు గుంట అనగా నేలలోని గొయ్యి. ఎవరైనను ‘ఆ గుంటకు పెండ్లి కుదిరినది’ అనినచో మన పిల్లలు గోతిని తలచుకొని నవ్వుదురు. నవ్వు వచ్చినది గాని తప్పు చోట వచ్చినది! ఇట్టి మాటల పట్టిక నొకదానిని తయారు చేసి తరగతులలో చదివింప దలచితిమి. రెండవ కూర్పులోని మొదటి రెండు అంకములనైనను ముందుగా బిగ్గరగా చదువుకొని రావలెను. కన్నులతో చదివినచో ఈ నాటకము సగమే పలుకును.

పాత్రకు తగిన భాష అను విషయములో మరియొకరిని స్మరింపక తప్పదు. గ్రాంథిక భాషకు కంచుకోటవంటి వేదము వేంకటరాయశాస్త్రి గారు కూడ 1897 నాటి ప్రతాపరుద్రీయములో చాకలి పేరిగానిచేత వాని భాషయే పలికించిరి. మేము ఈ పత్రికలో వ్రాయుచున్న భాషతో వేదికపై ఏ పాత్రయు నవ్వింపజాలదు. ఈ మాట వ్రాయుటకు మాకు సంకోచము లేదు. దేని చోటు దానిది.

మూడవ సాయంకాలము భమిడిపాటి కామేశ్వరరావు గారి నాటికలు. 1897లో పుట్టి 1958లో గతించిన ఈయనను తెలుగువారు హాస్యబ్రహ్మ యనిరి. రాజమహేంద్రవరములో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు, బోధించినది గణితము. లెక్కల మాస్టారు హాస్యబ్రహ్మ యగుట మన విద్యార్థులు నమ్మలేకపోవచ్చును. మన గణిత ఉపాధ్యాయులు ఈ వాక్యమును మన్నింతురు గాక. ఆయన ఫ్రెంచి నాటకకర్త మోలియేరు హాస్యములను కొన్నింటిని తెలుగు చేసిరి. 1622 మొదలు 1673 వరకు జీవించిన మోలియేరు తాను వ్రాసిన రోగభ్రాంతుని నాటకములో తానే రోగి వేషము వేసి, వేదికపై జబ్బుపడి, ఆ రాత్రియే మరణించెను. అతని పిసినారులు, కపట వైద్యులు, కూతురిని తన యిష్టము వచ్చిన చోట ఇచ్చుటకు పంతము పట్టిన తండ్రులు ప్యారిసు నగరపు వారు. భమిడిపాటి వారి చేతిలో వారు గోదావరి ఒడ్డున ఉత్తరీయము వేసికొని తిరుగు మన బంధువులైరి. పేర్లు మార్చినంత మాత్రమున ఇది జరుగదు. ఫ్రెంచి తండ్రి కోపము వచ్చినప్పుడు ఏమనునో తర్జుమా చేయక, తెలుగు తండ్రి అదే చోట ఏమనునో వినవలెను. ఈడూ జోడూ, బాగు బాగు, ఎప్పుడూ ఇంతే మొదలగు నాటికలు చదివినచో ఆయన చెవి ఎంత నిశితమైనదో తెలియును. మాట మధ్యలో ఆగుట, చెప్పినదే మరల చెప్పుట, ప్రశ్నకు ప్రశ్నయే సమాధానమగుట ఆయన ముడిసరుకు.

ఈ నాటికలకు జరుగుచున్న అభ్యాసమును మేము రెండు మూడు పర్యాయములు చూచితిమి. హాస్యమనగా సాధన అక్కరలేనిదని తలంచువారు ఒకసారి వెళ్లి చూడవలెను. నటుడు తాను నవ్వరాదు. ఇది మొదటి నియమము. ప్రేక్షకులు నవ్వినప్పుడు ఆ నవ్వు తగ్గువరకు ఆగవలెను; పూర్తిగా ఆగిపోవువరకు మాత్రము ఆగరాదు. నవ్వు సగము తగ్గినప్పుడు తరువాతి మాట అందుకొనవలెను. ముందుగా అందుకొనినచో మాట వినబడదు. ఆలస్యమైనచో వేడి చల్లారును. ఈ కొలతను ఏ పుస్తకమును నేర్పదు. అభ్యాసములో ప్రేక్షకులు ఉండరు గనుక, దర్శకుడు గది మూలన కూర్చుండి నవ్వు రావలసిన చోట చేతితో బల్లపై తట్టుచుండెను. తట్టు ఆగుచుండగా నటుడు మాట అందుకొనవలెను. ఒక వృద్ధ నటునకు తట్టు అక్కరలేదు. లోపల ఏదో గడియారమున్నట్లు సరిగా ఆగును. చిన్నవారు ఆయనను చూచి నేర్చుకొనుచున్నారు. తెరచాటున అందించువాని పని కూడ ఇందులో మిక్కిలి కష్టము. పద్యము మరచినవానికి మొదటి పదమందించిన చాలును; హాస్యములో మాట ఒక్క అరక్షణము తడబడినచో అందించియు ప్రయోజనము లేదు.

ఇచ్చట అప్రియమైన విషయమొకటి చెప్పవలసి యున్నది. నవ్వులన్నియు ఒక్క జాతివి కావు. కులమును, వృత్తిని, నత్తిని, అంగవైకల్యమును చూపి నవ్వించుట మన రంగస్థలములో చాలకాలముగా నున్నది. కాళ్లకూరి నారాయణరావు గారి చింతామణి దురాచారమును ఖండించుటకు పుట్టిన నాటకము. కాలక్రమమున అందలి సుబ్బిశెట్టి పాత్రకు నటులు సొంత మాటలు చేర్చి చేర్చి, గ్రంథకర్త ఉద్దేశమును మరుగుపరచిరి. ఒక సామాజిక వర్గము వారు తమకు అవమానము జరుగుచున్నదని చిరకాలము మొరపెట్టుకొనగా 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించెను. నిషేధము మంచిదా కాదా యని పెద్దలు వాదించుకొనిరి. మా దృష్టిలో అంతకు ముందు ప్రశ్న ఒకటి కలదు: ఆ నవ్వులు గ్రంథకర్త వ్రాసినవా, చప్పట్ల కొరకు తరువాత అతికినవా? మన సమాజము వారు పుస్తకములో లేని మాట ఒక్కటియు వేదికపై చేర్చరాదని నటులందరికి నియమము పెట్టిరి. లుబ్ధావధానుల లోభమును చూచి నవ్వుదము. లోభము ఆయన చేతిలో పని. ఎవని పుట్టుకయు వాని చేతిలో లేదు. మైనారిటీ భాషవారమైన మనకు, మన యాసను ఎవరైనను వెక్కిరించినప్పుడు కలుగు బాధ తెలియును గనుక, ఈ భేదము త్వరగా అర్థము కావలెను.

నాలుగవ సాయంకాలము మన విద్యార్థులది. వ్రాసి సిద్ధముగా నున్న నాటకము లేదు. తెలుగు కన్నడముల మధ్య జరుగు పొరపాట్లను వస్తువుగా గైకొని ఒక చిన్న నాటికను వారే కూర్చవలెను. ఈ ఆలోచన సమాజము వారిదే. మా పూర్తి ఆమోదము దీనికి గలదు. ఏలయన, విజయనగరపు హాస్యమును అందుకొనుటకు మనము కష్టపడవలెను గాని, విజయనగరము వారికి లేని నిధి ఒకటి మన యొద్ద నున్నది. రెండు భాషలు ఒకే వీథిలో ఎదురుపడు చోట హాస్యము తనంత తానే మొలచును.

కన్నడములో ‘అడిగె మాడిదరు’ అనగా వంట చేసిరని అర్థము. క్రొత్తగా వచ్చిన తెలుగు చుట్టము చెవికి అది ఎవరో ఏదో అడిగినట్లును, ఏదో మాడినట్లును వినబడును. ఆయన వంటింటి వైపు పరుగెత్తును. ‘ఊట ఆయ్తా?’ అనగా భోజనమైనదా యని కుశలప్రశ్న. మనకు ఊట బావిలో ఉండును. ‘కాళు’ అనినచో వారికి పప్పుధాన్యపు గింజలు. దుకాణములో కాళు ఎంత యని అడుగుట విన్న మన బామ్మ తన కాళ్లను చూచుకొనును. ‘బేడ’ అనగా వారికి వద్దని అర్థము. మన పాతకాలపు వారికి బేడ యనగా రెండు అణాలు. వద్దు వద్దనుచున్న మనుష్యుని చూచి, రెండణాలు రెండణాలని అడుగుచున్నాడేమి యని విసుగుకొను తాతను ఊహింపుడు. ఇవి కేవలము శబ్దముల ఆట. పాత్రలు ఏర్పడి, ఒక పొరపాటు మరియొక పొరపాటుకు దారితీసినప్పుడే నాటిక యగును.

ఇట్టి ఉమ్మడి హాస్యము మన నేలకు పరాయిది కాదు. తోలుబొమ్మలాటలో మనకు కేతిగాడు, బంగారక్క. కన్నడము వారి తొగలు గొంబెయాటలో కిల్లేక్యాత, బంగారక్క. రాముడు రావణుడు ఏ భాషలో యుద్ధము చేసినను, నడుమ వచ్చి నవ్వించు జంట వారే. కన్నడ హాస్య నాటకములకు ప్రసిద్ధుడైన టి.పి.కైలాసము గారు 1884 మొదలు 1946 వరకు జీవించిరి. ఇండ్లలో వినబడు ఇంగ్లీషు కలసిన కన్నడమునే ఆయన తన పాత్రలకిచ్చిరి. వెంకటేశము చదువు చూచి నవ్వినవారు ఆయన టొళ్ళుగట్టి చదివినచో అందు గట్టి ఏదో టొళ్ళు ఏదో తేల్చుకొనవచ్చును. మన కన్నడ ఉపాధ్యాయులు దానిని తరగతిలో వినిపింప నంగీకరించిరి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు వెళ్లినవి. బళ్లారి మైసూరు రాష్ట్రములో చేరినది. గీత గీచిన వారు గీచిరి. కేతిగాడు మాత్రము ఆ గీతను లెక్కచేయక రెండు వైపులను తిరుగుచునే యుండెను.

విద్యార్థులు ఇప్పుడు చేయవలసిన పని యిది. ఇంటిలోను, అంగడిలోను, బస్సులోను తెలుగు కన్నడముల మధ్య జరిగిన పొరపాటు ఏదైనను వినినచో, కాగితముపై వ్రాసి తరగతి ఉపాధ్యాయునకు ఇయ్యవలెను. ఎవరి నోట, ఏ సందర్భమున వినినదియు వ్రాయవలెను. మనుష్యుల పేర్లు వ్రాయనక్కరలేదు. అమ్మమ్మలను, తాతలను అడుగుడు. వారి యొద్ద మనకంటె ఎక్కువ దొరకును. దసరా సెలవులు ముగిసిన మొదటి శనివారము మధ్యాహ్నము ఈ కాగితములన్నియు ముందు పెట్టుకొని సమాజము వారితో కూర్చుండి నాటికను కూర్చెదము. కన్యాశుల్కము ప్రతులు గ్రంథాలయములో కొన్నియే యున్నవి గనుక ఒక్కొక్కరు మూడు దినములకంటె ఎక్కువ ఉంచుకొనరాదు.